ఒక్క చెవి హెడ్‌ఫోన్

హెడ్‌ఫోన్ ఎప్పుడూ ఒక చెవికే ఎందుకు పెట్టుకుంటావని అడిగారు కదా! చెప్తాను గానీ, టీ కింద పెట్టి వినండి, పొలమారితే నా పూచీ లేదు. నేను డీజేగా వెళ్ళిన మొదటి పెళ్ళిలో వధూవరుల కంటే ముందు అక్షింతలు నా మీద పడ్డాయి.

సీడీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మదనపల్లె వెళ్ళి మిక్సర్, రెండు సీడీ ప్లేయర్లు, యాంప్లిఫయరు, పెద్ద స్పీకర్లు, మైకు, రెండు చెవులూ మూసేసే హెడ్‌ఫోన్ తెచ్చుకున్నాను. సామాను వచ్చింది కాబట్టి పని కూడా వచ్చేసినట్టే అనుకున్నా. పుంగనూరులో కిరాణా అంగడి నడిపే మా నాయన ఒక్కటే చెప్పాడు: "ఈ పెండ్లి బాగా జరిగితే నీ ఇష్టం. లేకుంటే రేపట్నుంచి అంగట్లో కూసో." ఇది బాగుంటే కుప్పంలో తన కూతురి పెళ్ళికీ నన్నే పిలుస్తానని పెళ్ళికూతురి మేనమామ కూడా అన్నాడు.

ముహూర్తం దగ్గరపడింది. పంతులు చెయ్యూపితే పాట ఆపాలని ముందే మాట్లాడుకున్నాం. ఊపాడు. మిక్సర్ మీద పాట శబ్దం పెంచే, తగ్గించే స్లైడర్‌ను పూర్తిగా కిందికి లాగేశాను. మైకుది మాత్రం పైనే ఉండిపోయింది. తాళిని పళ్ళెంలో పెట్టి పెద్దల చేత తాకించడానికి తిప్పుతున్నారు, అందరి గుప్పిట్లో అక్షింతలు ఉన్నాయి. ఇంతలో పంతులు మళ్ళీ చెయ్యూపాడు. ఈగను తోలుకున్నాడని తర్వాత తెలిసింది. పాట పెట్టమంటున్నాడని నేననుకున్నా!

సీడీ నొక్కాను. చెవుల్లో పాట అదిరిపోతోంది. మండపమంతా అలాగే అదురుతోందనుకుని ఎగరడం మొదలుపెట్టాను. ఒక్కరూ కదలరే! సిగ్గుపడుతున్నారు కాబోలని మైకు అందుకుని అరిచాను: "అందరూ చేతులు పైకెత్తండప్పా!"

హెడ్‌ఫోన్‌కి స్లైడర్‌తో పని లేదు, స్పీకర్లకే ఉంది. అది కిందే ఉంది కదా, పాట ఎవరికీ వినపడలేదు. నా అరుపు మాత్రం వినపడింది. తాళి కట్టేశారనుకుని జనం చేతులెత్తి అక్షింతలు విసిరేశారు. నా బల్ల వేదిక పక్కనే. సగం మిక్సర్ మీద, సగం నా నెత్తిన పడ్డాయి. తాళి చూస్తే ఇంకా మూడో వరుసలో ఎవరో ముసలమ్మ చేతిలో ఉంది.

డోలు వాయించే పెద్దాయన చెంగల్రాయప్ప ఒక్కడే తడబడలేదు. నాదస్వరం ఆయనకు సైగ చేసి గట్టిమేళం ఎత్తుకున్నాడు. పళ్ళెం వెనక్కి వచ్చి, మూడు ముళ్ళూ పడేదాకా చెయ్యి ఆపలేదు. నన్ను తిట్టిన తిట్లన్నీ ఆ మోతలో కలిసిపోయాయి.

మేళం ఆగగానే మేనమామ నా మీదికొచ్చాడు. కుప్పం పోయింది, రేపట్నుంచి కందిపప్పు తూచడమే అనుకున్నా. చెంగల్రాయప్ప అడ్డమొచ్చాడు. "జనాల్ని తయారుగా ఉంచమని నేనే సెప్పినానప్పా. తప్పు నాది."

అది పచ్చి అబద్ధం. కానీ ఆ ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ మేళం ఆయనదే. మేనమామ వెనక్కి తిరిగాడు. అప్పుడు పెద్దాయన నా హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకు జరిపాడు. "ఒక సెవి నీది, ఇంకోటి జనాలది. రెండూ మూసుకుంటే యాడ ఉండావో నీకే తెలీదు నాయనా."

అంత సామాను కొన్నాను గానీ, పని నేర్పింది ఆ మాటే. కుప్పం పెళ్ళికి నన్నే పిలిచారు. ఈ రోజుకీ ఆయన్ని తలుచుకోకుండా పాట మొదలుపెట్టను.

తర్వాతెప్పుడో ఆయన్ని అడిగాను, గట్టిమేళం అంత జోరుగా ఎందుకు వాయిస్తారని. తాళి కట్టేటప్పుడు తుమ్ములూ, చెడ్డ మాటలూ ఎవరి చెవినా పడకుండా అని చెప్పాడు. ఆ రోజు మాత్రం ఎవరూ తుమ్మలేదు. ఆయన చేతులు నొప్పి పుట్టేలా వాయించింది నా కోసమే.