జోమున్‌గుక్ నుంచి వచ్చిన చోయ్ సార్

మొన్న దుబాయ్ కరామాలో, మా గదిలో, రూమ్మేట్ చారులోకి వెల్లుల్లి దంచుతున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా వెనక చోయ్ సార్ నిలబడి ఉన్నారనిపించి ఒక్కసారిగా తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆయన మధ్యాహ్నం అన్నంలోకి పచ్చి వెల్లుల్లి రెబ్బలు కొరుక్కుని తినేవారు. కొరియాలో వాళ్ళ ఊరు వెల్లుల్లికి పెట్టింది పేరట.

చోయ్ సార్ మా సర్వే ఇంజినీరు. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేవారు. కరోనా కాస్త తగ్గాక వచ్చిన ఎండాకాలంలో ఫుజైరా కొండల్లో ఒక క్వారీకి రోడ్డు వేస్తున్నప్పుడు నేను ఆయన దగ్గర స్టాఫ్ పట్టేవాణ్ణి. అంటే ఆయన యంత్రంలోంచి చూసి నేల ఎత్తు కొలుస్తుంటే, అంకెలున్న పొడవాటి కర్రను చెప్పినచోట నిలువుగా పట్టుకోవడం నా పని. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన నాకూ ఆయనకూ మధ్య ఉన్నది సగం హిందీ, సగం ఇంగ్లీషు. అదే సరిపోయేది.

రోడ్డు గీత మీద, రెండు కొండల నడుమ, నడుమెత్తు రాళ్ళ దిబ్బ ఒకటి ఉండేది. మొదటిసారి దాని మీద కర్ర పట్టుకుని నిలబడ్డప్పుడు సార్ యంత్రం వదిలి నా దగ్గరికి వచ్చారు.

"గంగారాం, ఏం వినిపిస్తోంది?"

"ఏం లేదు సార్."

"ఈగలు?"

అప్పుడు గమనించాను. పొద్దుటి నుంచి కళ్ళ మీద, పెదాల మీద వాలి ప్రాణం తీసిన ఈగలు ఆ దిబ్బ మీద ఒక్కటీ లేవు. నాలుగడుగులు దిగితే మళ్ళీ ముసిరాయి. సార్ నవ్వలేదు. చేతి తొడుగు తీసి, కాలుతున్న రాయి మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయారు.

ఆ రోజు ఎండ విరామంలో, రేకుల నీడన కూర్చుని, తన ఊరి సంగతి చెప్పారు. ఎప్పుడో, పెద్ద రాజ్యాలు ఇంకా ఎదగక ముందు, అక్కడ జోమున్‌గుక్ అనే చిన్న రాజ్యం ఉండేదట. రాజ్యమంటే ఎంత, నాలుగు లోయలు, ఒక దొర. పక్కనున్న సిల్లా రాజ్యం సైన్యాన్ని పంపి దాన్ని మింగేసింది. ఇప్పుడు అక్కడ మిగిలినవి వందల సమాధి దిబ్బలు, పచ్చగా గడ్డి మొలిచి. చిన్నప్పుడు ఆయన వాటి మీంచి దొర్లి ఆడుకునేవారట. ఒక దిబ్బ మీద దోసకాయల పాదులు పెట్టి గుడిసె వేసుకున్న రైతు కథ వాళ్ళ నానమ్మ చెప్పేదట. బంగారు కిరీటం పెట్టుకున్న ముసలాయన కలలోకి వచ్చి "నా మీద నుంచి గుడిసె తీసెయ్" అని అతని వీపు మీద రాసి వెళ్ళాడు. తెల్లారి లేచి ఎంత రుద్దినా ఆ అక్షరాలు పోలేదట.

"మీరు నమ్ముతారా సార్?" అన్నాను.

"మా నానమ్మ వేడినీళ్ళు పారబోసే ముందు, నేల కింద ఉన్నవాళ్ళకు 'తప్పుకోండి' అని చెప్పేది. నేనూ చెబుతాను," అన్నారు, అంతే.

ఆ వారం దిబ్బ మీద మేము గుర్తు పెట్టిన రాయి ఎత్తు మారడం మొదలైంది. మొదటి రోజుకు రెండో రోజుకు గోరంత. మూడో రోజుకు వేలంత. సార్ యంత్రం మార్చారు, కర్ర మార్చారు, చుట్టుపక్కల గుర్తులన్నీ మళ్ళీ కొలిచారు. అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దిబ్బ ఒక్కటే లేస్తోంది. ఊపిరి పీల్చి వదలడం మరిచిపోయిన ఛాతీలా అనిపించింది నాకు. ఆయన పుస్తకంలో మూడు అంకెలూ రాసుకున్నారు.

నాలుగో రోజు పొద్దున ముదీర్, అంటే మా సైటు మేనేజరు, పంపితే ఎక్స్‌కవేటర్ వచ్చింది. నడిపేది నెల్లూరు మస్తాన్ భాయ్. బకెట్ రెండోసారి దిగేసరికి లోపల రాతి పలక విరిగిన చప్పుడైంది. ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చి నా మోకాళ్ళను తాకింది. జూలై నెల, ఫుజైరా. మస్తాన్ భాయ్ ఇంజను ఆపి కిందికి దూకాడు.

"ఖలాస్ గంగారామన్నా, నా వల్ల కాదు. ఇది ఎవరిదో ఇల్లు."

నేను వంగి చూశాను. లోపల ఒక మనిషి పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. ఎముకలే. కానీ పని చేసి అలసి కునుకు తీసినట్టుగా ఉంది. మెడ దగ్గర చిన్న చిన్న గవ్వలు. ఆడమనిషని ఎందుకో అనిపించింది. చోయ్ సార్ తల మీది హెల్మెట్ తీసి, నడుము వంచి దండం పెట్టి, పని ఆపించారు. రిపోర్టులో పాత సమాధి దొరికిందని రాశారు.

మధ్యాహ్నానికి ముదీర్ నన్ను కేబిన్‌కు పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం. ఆ చోట రాళ్ళు తప్ప ఏమీ లేదని, చూసినవాణ్ణి నేనని. "సంతకం పెట్టు. వీసా రెన్యువల్ ఉంది కదా నీకు?" అన్నాడు మామూలుగా. పెన్ను అందుకున్నాను. పెట్టేశాను.

మర్నాడు చోయ్ సార్‌ను ఆ సైటు నుంచి తీసేశారు. అప్పటికే ఆయన పురావస్తు శాఖకు ఫోను చేసి చెప్పేశారు. సామాను సర్దుకుంటుంటే వెళ్ళి తల దించుకుని నిలబడ్డాను. ఆయనకు తెలుసు. తిట్టలేదు.

"మా రాజ్యం గురించి పాత పుస్తకంలో ఉన్నది ఒక్క మాట. అదీ గెలిచినవాళ్ళు రాసుకున్నదే, వెళ్ళి కొట్టామని. అయినా ఆ మాట ఉంది కాబట్టే అక్కడ మనుషులుండేవారని మాకు తెలుసు," అన్నారు. తర్వాత, "నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఆమెకు అదీ లేదు గంగారాం."

రెండు రోజుల తర్వాత పురావస్తు శాఖ వాళ్ళు వచ్చారు. అప్పటికి దిబ్బ మట్టితో చదునైపోయింది. ముదీర్ నా కాగితం చూపించాడు. ఆ అధికారిణి నన్ను పిలిచి, "ఇది నీ సంతకమేనా?" అని హిందీలో అడిగింది. ముదీర్ నా మొహంలోకే చూస్తున్నాడు. "సంతకం నాదే మేడమ్, మాట నాది కాదు," అన్నాను. నడిచి వెళ్ళి ఎక్కడ తవ్వాలో మడమతో చూపించాను. మస్తాన్ భాయ్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

తవ్వితే ఆమె అక్కడే దొరికింది, రోడ్డును పక్కకు తిప్పారు. ఆ చోటు చుట్టూ కంచె వేశారు. నా వీసా ఆ కంపెనీలో రెన్యువల్ కాలేదు. నాలుగు నెలలు తిరిగి, ఉమ్ అల్ క్వైన్‌లో ఇంకో సర్వే పని దొరికింది. తర్వాతి చలికాలంలో చోయ్ సార్ కూతురి నుంచి మెసేజ్ వచ్చింది, నాన్న నిద్రలోనే పోయారని, ఫోనులో నా నంబరు కనిపిస్తే చెబుతున్నానని. ఆయనను జోమున్‌గుక్ దిబ్బలు కనిపించే కొండ మీద సమాధి చేశారట.

ఇప్పుడు రోజూ సాయంత్రం సైటు రిపోర్టు నేనే రాస్తాను. 'ఇంకేమైనా కనిపించిందా' అనే చివరి గడిలో అందరూ 'ఏమీ లేదు' అని రాసేసి సంతకం పెడతారు. నేను ఆ గడి దగ్గర ఆగుతాను. చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్న ఆ మనిషి, పేరు లేని మనిషి, కళ్ళ ముందుకొస్తుంది. లేచి, బూట్లు వేసుకుని, ఆ చోటంతా ఇంకోసారి నడిచి చూసి వచ్చాకనే రాస్తాను.