నాలుగింటి ఆకలి

నవంబరులో ఒక సోమవారం కొండ మీది బడికి ఎక్కుతూ మూడుసార్లు ఆగాను. అంతకుముందు ఒక్కసారే ఆగేదాన్ని, అదీ కొంగు సర్దుకునే నెపంతో. ఆ రోజు నెపాలు చాల్లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పైన బడి వరండాలో పిల్లలు వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు.

మా బడి జి.మాడుగుల మండలంలో ఒక కొండ ఊళ్ళో ఉంది. ఆటో కింద గెడ్డ వరకే, అంటే వాగు వరకే వస్తుంది. అక్కణ్ణించి ఒకటిన్నర కిలోమీటరు నడక, అంతా ఎక్కడమే. తొమ్మిదేళ్ళుగా ఆ బడికి నేనొక్కదాన్నే టీచర్ని. బడిలో మధ్యాహ్న భోజనం వండే చిలకమ్మ ఆ రోజు నా అవస్థ చూసి కిందకి దిగి వచ్చి చేతిలో సంచి లాక్కుంది.

"ఏటి మేడమ్మా, ఆయాసం అలగొత్తంది? ఒల్లు బాగోనేదా?"

"బానే ఉంది. ఎండ ఎక్కువగా ఉంది."

"మంచు పడతంటే ఎండేటి?" అంది.

ముందు పాడేరులో పరీక్షకి రక్తం ఇచ్చాను. తరవాత మా ఆయన విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ, ఎకో తీశారు. అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ అని వచ్చింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఎ1సి ఆరు పాయింట్ మూడు, అంటే షుగర్ జబ్బు అంచున ఉన్నాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు ఎనభై రెండు కిలోలు.

"గుండె బాగుందమ్మా. అది మొయ్యాల్సిన బరువే బాగోలేదు," అన్నారు డాక్టరు గారు. "మందు రాయడం నాకు రెండు నిమిషాల పని. ముందు ఎనిమిది కిలోలు తగ్గి రండి, అప్పుడు మాట్లాడుకుందాం."

బస్సులో తిరిగి వస్తూ మా ఆయన బదిలీ మాట ఎత్తారు. వేసవిలో బదిలీలు పెడతారు, మైదానంలో రోడ్డు పక్క బడి ఏదైనా కోరుకో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఊరికి వెళ్ళిన మొదటి ఏడాది పిల్లల మాట నాకు, నా మాట పిల్లలకి అర్థం కాలేదు. ఇప్పుడు వాళ్ళ భాషలో కోప్పడటం కూడా వచ్చు నాకు. అంత కష్టపడి నేర్చుకున్నది రోడ్డు పక్క బడిలో ఎవరి మీద వాడను? ఆ బడి వదలడం నాకిష్టం లేదని అక్కడే చెప్పేశాను. "సరే, ఏప్రిల్ దాకా చూద్దాం. అప్పటికీ ఎక్కలేకపోతే మాత్రం నా మాట విను," అన్నారు.

మర్నాటి నుంచి అన్నం మానేశాను. అందరికీ చెప్పుకున్నాను కూడా. ఆరు వారాలు గడిచాయి. రివ్యూకి వెళ్ళి మెషీన్ ఎక్కితే ఎనభై మూడున్నర!

డైటీషియన్ మా అమ్మాయి ఈడు పిల్ల. ఓపిగ్గా అడిగింది.

"పొద్దున్న ఏం తింటున్నారు మేడం?"

"ఏమీ తినట్లేదమ్మా. అంబలి తాగుతున్నాను, అంతే."

"ఎంత?"

"గిన్నెడు."

"ఎన్ని గిన్నెలు?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎక్కేటప్పుడు మూడు, దిగేటప్పుడు రెండు. ఒక్కోసారి మూడు.

ఇక్కడ మా దారి సంగతి చెప్పాలి. అది ఊళ్ళో ఏడిళ్ళ వాకిళ్ళ మీదుగా పోతుంది. కొండ మీద ఎవరింటి ముందు నుంచీ మనిషి ఉత్తినే వెళ్ళిపోకూడదు, ఒక గిన్నె అంబలి తాగి వెళ్ళాలి. అది వాళ్ళ మర్యాద. ఎంత తప్పించుకున్నా నాకు రోజుకి ఐదారు గిన్నెలు తప్పేవి కావు. అంబలిని అక్కడెవరూ తిండి కింద జమ కట్టరు. పొలం నుంచి వచ్చినవాళ్ళు రెండు గిన్నెల అంబలి తాగి "ఇంకా ఏటీ తిన్లేదు" అంటారు. తొమ్మిదేళ్ళలో నాకూ అదే అలవాటైంది. వాళ్ళు ఆ తరవాత కొండ పోడులో సాయంత్రం దాకా ఒళ్ళు వంచుతారు. నేను కుర్చీలో కూచుని హాజరు వేస్తాను. ఆ తేడా నాకు తట్టలేదు.

"అంబలిలో ఏమేం వేస్తారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"చోడి పిండి, అదే రాగి పిండి, నూకలు..." అని ఆగిపోయాను. నూకలంటే బియ్యమే కదా! అన్నం మానేశానని ఊరంతా చాటుకుంటూ రోజూ ఐదు గిన్నెల అన్నం తాగుతున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. నేనే నవ్వాను, సిగ్గు కప్పుకోవడానికి.

సిగ్గుతో చేసే పని ఏదీ తిన్నగా ఉండదు. డైటీషియన్ ఇచ్చిన కాగితం మడిచి పర్సులో పెట్టేసి, సొంత వైద్యం మొదలుపెట్టాను. పొద్దున్న చక్కెర లేని టీ. మధ్యాహ్నం రెండు కీరదోసకాయలు, చిన్న కప్పు పెరుగు. ఏడిళ్ళ వాళ్ళకి మొహం చాటేసి, వెనక కాఫీ తోటలోంచి చుట్టూ తిరిగి బడికి ఎక్కడం మొదలుపెట్టాను. పది రోజుల్లో రెండున్నర కిలోలు తగ్గాను. మహా గొప్పగా అనిపించింది.

కానీ ఆకలి! అది కడుపులోనే ఉంటుందనుకునేదాన్ని. నాకది ఎక్కువగా కోపంలో ఉండేది. మధ్యాహ్నం మూడు దాటితే చేతులు సన్నగా వణికేవి. ఒకటో తరగతి పిల్ల పలక కింద పడేస్తే మొత్తం తరగతిని నిలబెట్టాను. ఇంటికెళ్ళి మా ఆయన ఫ్యాన్ వేస్తే ఎందుకు వేశారని, ఆపితే ఎందుకు ఆపారని పోట్లాడాను.

జనవరిలో ఒక రోజు నాలుగవుతోంది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. సామాన్ల గదిలోకి చాక్‌పీసుల కోసం వెళ్ళాను. అక్కడ పిల్లలకిచ్చే చిక్కీల డబ్బా ఉంది. ఒకటి తిన్నాను. తరవాత నిలబడే ఏడు తిన్నాను. నోటి నిండా పల్లీలు పెట్టుకుని వెనక్కి తిరిగితే గుమ్మంలో చిలకమ్మ, కడిగిన గిన్నెలు పట్టుకుని.

"పిల్లలవి," అన్నాను, అదేదో ఆవిడకి తెలియనట్టు.

చిలకమ్మ గిన్నెలు కింద పెట్టింది. "ఆకలేత్తే నన్నడగొచ్చు గదా మేడమ్మా. ఇన్నాల్లబట్టీ కాఫీ తోటెనక నుంచి ఎల్తన్నావు. మా ఆడోలు ఏటనుకుంతన్నారో తెల్సా? మేడమ్మకి మా అంబలి సేదైపోనాదంతన్నారు."

ఆ మాటకి ఏడుపు ఆగలేదు. బియ్యం బస్తా మీద కూచుని లివర్ దగ్గర్నుంచి బదిలీ దాకా అంతా చెప్పేశాను. అంతా విని చిలకమ్మ ఒక్కటే అడిగింది.

"నీకు ఆకలి ఎప్పుడేత్తది?"

"ఇదిగో, ఈ వేళకే. నాలుగింటికి."

"మరి పొద్దున్న తాగుతావేటి? ఆకల్నేనప్పుడు గిన్నెలు గిన్నెలు తాగేసి, ఆకలేసినప్పుడు దొంగతనం సేత్తావేటి?"

ఇంత చదువు చదివి, ఇన్ని రిపోర్టులు తీయించుకున్నా ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. మర్నాడు మా ఇంటి దగ్గర కొట్లో కొత్త చిక్కీ డబ్బా కొనుక్కెళ్ళి ఆ గదిలో పెట్టాను. ఆ వారమే డైటీషియన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. ఈసారి ఆ అమ్మాయి నవ్వింది. "మీ చిలకమ్మ గారు కరెక్టు మేడం. కానీ నాలుగింటి ఆకలి నాలుగింటికి పుట్టదు, మధ్యాహ్నమే పుడుతుంది. కీరదోసకాయ తిని ఊరుకుంటే రాక ఏం చేస్తుంది?" అంది. పర్సులో మడిచి పెట్టిన కాగితం అప్పుడు విప్పాను. పొద్దున్న రెండు కోడిగుడ్లు, ఒక ఇడ్లీ. మధ్యాహ్నం కప్పు అన్నం, దానికి రెండింతలు ఆకుకూర పప్పు. వేళ కాని వేళ ఏదైనా తినాలనిపిస్తే నీళ్ళు తాగి కాసేపు పనిలో పడాలి, అప్పటికీ వదలకపోతే అది అసలైన ఆకలే, తినాలి. ఆకలి రావడం తప్పు కాదని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

కొండ మీద ఏర్పాటు చిలకమ్మ చూసుకుంది. పొద్దున్న ఎవరూ నాకు గిన్నె అందించకూడదు. దిగేటప్పుడు రోజుకి ఒక్క ఇల్లు, ఒక్క గిన్నె. నూకలు వెయ్యని చిక్కటి అంబలి, పక్కన గుప్పెడు ఉడికించిన రాజ్మా. వారానికి బడి ఆరు రోజులు, ఇళ్ళేమో ఏడు. మొదటి వారం వంతు రాని ముసలమ్మ దారికి అడ్డంగా కూచుని, "నానేటి పాపం సేసేను?" అని తగువు పెట్టుకుంది. మరుసటి వారం వంతు ఆవిడతోనే మొదలైంది; అప్పట్నుంచి ఏ వారం మిగిలిపోయిన ఇల్లు ఆ తరవాతి వారం ముందుంటుంది. నాలుగింటికి గిన్నె ఉందని తెలిశాక మూడింటికి చేతులు వణకడం మానేశాయి. నా కోపం తగ్గిందని నాకంటే ముందు ఒకటో తరగతి కనిపెట్టింది.

అంతా సాఫీగా సాగలేదు. ఫిబ్రవరిలో ఒక పెళ్ళికి వెళ్ళి మూడు రోజులు ఒళ్ళు మరిచి తిన్నాను. తరవాత నెల రోజులు ముల్లు డెబ్బై ఏడు దగ్గరే మొరాయించింది. డాక్టరు గారు టేపు తీసి నడుము కొలిపించారు. "రెండంగుళాలు తగ్గింది చూడండి. బరువు ఆగినా లోపల కొవ్వు కరుగుతోంది. ఇదే కొనసాగించండి," అన్నారు.

ఏప్రిల్‌లో డెబ్బై నాలుగుకి వచ్చాను. ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్. హెచ్‌బిఎ1సి ఐదు పాయింట్ ఎనిమిది. ఆ రిపోర్టులు వచ్చిన సాయంత్రమే మా ఆయన బదిలీ ఫారం ఏం చేద్దామన్నారు. రేపు నాతో బడికి రండి, అక్కడ మాట్లాడుకుందాం అన్నాను. వచ్చారు. గెడ్డ దాటి ఎక్కడం మొదలుపెట్టాం. నేను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన రెండుసార్లు ఆగారు, రెండోసారి చెప్పు సరిచేసుకునే నెపంతో. పైకి వచ్చాక వరండా మీద కూలబడి, "నువ్విక్కడే ఉండు," అన్నారు. తరవాతి వారం ఆయన కూడా షుగర్ టెస్టుకి రక్తం ఇచ్చారు.

ఇప్పటికి ఏడాది దాటింది. డెబ్బై మూడు దగ్గర నిలకడగా ఉన్నాను. ఆరు నెలలకొకసారి చెకప్. నాలుగింటికి ఆకలి ఇప్పటికీ వేస్తుంది, రోజూ వేస్తుంది. వేసినందుకు నాకు సంతోషంగానే ఉంటుంది.

డైట్ మొదలుపెట్టబోయే వారికి నాదొక్కటే సలహా. మెషీన్ ఎక్కే ముందు నాలుగు రోజులు గడియారం చూడండి. మీకు ఆకలి ఏ వేళకి వస్తోందో గుర్తు పెట్టుకుని, ఆ వేళకి ఏం తింటారో డాక్టర్ని అడిగి ముందే సిద్ధం చేసుకోండి. ఆ సంగతి మీకు తిండి పెట్టే మనిషికి చెప్పండి. నేను దాచుకున్నన్నాళ్ళూ ఆకలి నా ఒక్కదాని మీదే పడింది. చెప్పాక ఏడిళ్ళు పంచుకున్నాయి.