తీగ బతుకమ్మ

ఈమధ్య హైదరాబాదులో ఒక కళా ప్రదర్శనకు వెళ్లాను. తుప్పు పట్టిన సైకిల్ చైన్లతో చేసిన గుర్రం, విరిగిన గడియారాలతో చేసిన చెట్టు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం ఇప్పుడే మొదలైన ఒరవడి అని అడక్కుండానే పాఠం చెప్పాడు. నాకెక్కడో కాలింది. ‘ఇప్పుడే మొదలైందని ఎవరు చెప్పారండీ, గోదావరిఖనిలో మా అమ్మ డెబ్బైలలోనే చేసింది’ అని నేను అందుకునేసరికి ఆయన చాయ్ వంకతో జారుకున్నాడు. కాబట్టి మిగతాది మీరు వినాలి.

మా బాపుది బొగ్గుబాయిలో తట్టలెత్తి బొగ్గు నింపే పని. బొగ్గుకు తూట్లు పొడిచి, మందు పెట్టి, తీగలు కలిపి పేలుస్తారు. పేలిన తర్వాత ఆ తీగ ముక్కలు, లోపల రాగి, పైన రంగు తొడుగు, బొగ్గులో పడి ఉంటాయి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. నీలం ఎప్పుడో ఒకసారి. షిఫ్టు దిగేటప్పుడు కార్మికులు వాటిని ఏరి, చుట్ట చుట్టి టిఫిన్ గిన్నెలో పెట్టుకుని తెచ్చేవారు. మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్లంతా వాటితో బుట్టలు, సంచులు అల్లేవారు. మా అమ్మ మాత్రం ‘సంచులు అందరల్లుతరు’ అని మూతి తిప్పి, ముడుచుకు పడుకున్న పిల్లిని అల్లింది. బాయిలోకి మనుషులను దించే పెద్ద చక్రాన్ని అల్లింది, ఊదితే తిరిగేది. బాపు పిల్లిని అటూ ఇటూ తిప్పి చూసి, “పిల్లి మంచిగనే ఉంది గని, కూరగాయలు దేంట్ల తేవాలె?” అని అడిగాడు.

ఒక ఏడు అమ్మ బతుకమ్మను అల్లడానికి కూర్చుంది. కొత్త క్వార్టర్ల కోసం చుట్టుపక్కల తంగేడు పొదలన్నీ కొట్టేశారు. మిగిలినవాటి మీద బొగ్గుదుమ్ము. కడిగితే నల్లనీళ్లు దిగేవి. వానాకాలమంతా అల్లింది. పసుపు తీగను చిన్న చిన్న ముద్దలుగా చుడితే తంగేడు. తెలుపూ ఎరుపూ పెనవేసి దబ్బనానికి చుట్టి లాగితే గునుగు. నీలం తీగ చేతికొచ్చిన రోజున కట్లపూలు. వెదురు బుట్ట మీద వరుస వెంట వరుస పేర్చి పైకి తెచ్చింది. ఇది వాడదు, రాలదు, ఏటేటా దుమ్ము దులిపి పెట్టుకోవచ్చు, పూల కోసం ఒకరి పెరట్లోకి పోనక్కర్లేదు అని ఆమె లెక్క. అంత మురిపెంగా ఆమె మరే వస్తువునూ చూసుకోలేదు, మమ్మల్ని కూడా.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు దాన్ని తాంబాళంలో పెట్టుకుని బయటికి వచ్చింది. అడ్డం నిలబడింది పక్క క్వార్టర్ పెద్దమ్మ. మా లైన్లో పాట ఎత్తేది ఆమే, ఆమె మాట దాటి ఎవరూ చప్పట్లు కొట్టరు. పూలు లేని బతుకమ్మ ఎక్కడన్నా ఉందా అన్నది. నేను ఊరుకుంటానా, అప్పటికే నోరు పెద్దది నాకు. గునుగు పూలకు మీరంతా రంగులద్దుతారు కదా, అవి ఆ రంగుల్లోనే పూశాయా అని నిలదీశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగింది.

“చెల్లె, తీగ గానీ పువ్వు గానీ, పెట్టు. కాదనను. కానీ మా నడుమ పెట్టి ఆడినంక నీళ్లల్ల ఇడువాలె. మల్ల ఇంటికి తీస్కపోతే అది బతుకమ్మ గాదు, అల్మారల బొమ్మ.”

ఇంటికి పోదాం రమ్మని నేను అమ్మ కొంగు లాగాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని, వెళ్లి దాన్ని అందరి బతుకమ్మల నడుమ పెట్టింది. ఆ పొద్దు ఆమె ఆడినట్టు ఎవరూ ఆడలేదు.

గోదావరి ఒడ్డున ఒక్కొక్కరే నీళ్లలోకి దిగి విడిచారు. పూల బతుకమ్మలు ఊగుతూ, తేలుతూ సాగిపోయాయి. అమ్మ మోకాళ్ల లోతుకు దిగి తనది మెల్లగా వదిలింది. అది ఒక్క అడుగు కూడా కదల్లేదు. బుడుంగుమని మునిగిపోయింది. వానాకాలమంతా రాగి తీగ చుట్టిన మనిషికి అది బరువెక్కిందని తట్టనే లేదు. ఒడ్డున నవ్వులు మొదలయ్యాయి. అమ్మ నీళ్లలోనే, ఖాళీ తాంబాళం పట్టుకుని, మునిగిన చోటునే చూస్తూ నిలబడింది. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే. నవ్వులు వినబడకుండా గొంతు పెంచి పాట ఎత్తింది. అందరూ అందుకోక తప్పలేదు.

ఆ తర్వాత అమ్మ తీగ ముట్టలేదు. బాపు తెచ్చినవన్నీ మూలన పడి ఉండేవి. నేను ఎంత వాదించినా చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. కూరగాయలకు బాపు బజారు నుంచి గుడ్డ సంచి కొనుక్కొచ్చాడు.

మళ్లీ వానలు పడ్డ నాడు పెద్దమ్మ మా గడపలోకి వచ్చింది. ఒక చంకలో వాళ్లాయన బాయి నుంచి తెచ్చిన తీగల చుట్ట, ఇంకో చంకలో ఎండిన సొరకాయ బుర్ర. పిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకుంటారే, ఆ బుర్ర. రెండూ అమ్మ ముందు పెట్టింది.

“దీన్ని లోపల పెట్టి అల్లు. ఈసారి మునిగిందంటే నా గొంతు సరిపోదు, ముందే చెప్తున్న.”

అమ్మ బుర్రను చేత్తో తట్టి చూసింది. తర్వాత తీగల చుట్ట విప్పి, రంగులు వేరు చేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నది:

“నీలం తక్కువున్నది అక్క. బావకు చెప్పి ఇంకింత తెప్పియ్యి. లేకుంటె నేనల్లను.”