నీళ్లొస్తే తగ్గుతుందనుకున్నాం

మొన్న మా కోడలి బలవంతం మీద రాజమండ్రిలో మనసుకి వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మూడు నెలలుగా నాకు తిండి సయించడం లేదు, తెల్లవారకుండానే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోంది, ఇష్టంగా చూసే సీరియల్ కూడా చూడబుద్ధి కావడం లేదు. ఇదంతా వయసు వల్లేనని నేను, కాదని మా కోడలు. ఆ డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంటే, నా సంగతి వదిలేసి మా అక్క తరఫున మనసులో జవాబులు చెప్పుకుంటూ కూర్చున్నాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు, మా పెద్ద తోడికోడలు. భీమవరం పక్క ఊళ్లో, కాలువ గట్టు మీది ఇంటికి నేను కొత్తకోడలిగా వెళ్లినప్పుడు, ఆ ఇంట్లో నాకు మొట్టమొదట నచ్చింది ఆవిడ నవ్వు. రేవులో బట్టలుతుకుతూ ఆవిడ నవ్వితే అవతలి గట్టున వెళ్లేవాళ్లు కూడా ఆగి చూసేవారు. అత్తగారు పైకి విసుక్కునేవారు గానీ ఆవిడకీ ఆ నవ్వంటే ఇష్టమే.

మన కాలంవాళ్లకు చెప్పక్కర్లేదు, వేసవిలో నీళ్లాపి కాలువ కట్టేస్తే ఊరికి ఎంత వెలితో. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని తెలిసిందగ్గర్నుంచి ఊరంతా గట్టు మీదే ఉండేది. కొత్తనీరు చెత్తా నురగా తోసుకుంటూ రాగానే ఆడవాళ్లం పసుపు కుంకుమలు వేసి దండం పెట్టుకునేవాళ్లం. మా ఇంటి తరఫున మొదటి గుప్పెడు పసుపు ఎప్పుడూ అక్కదే.

నేను వెళ్లిన రెండో వేసవిలో అక్క మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. జడ వేసుకోదు, అన్నం కెలికి లేచిపోతుంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. కాలువ మీద బెంగ పెట్టుకుందన్నారు అత్తగారు, ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. నీళ్లొచ్చాక నిజంగానే తేరుకుంది కూడా, ఇంకేం కావాలి మాకు! మరుసటి ఏడూ అదే తంతు. బావగారు ద్రాక్షారామం తీసుకెళ్లి అభిషేకం చేయించారు. డాక్టరుకి చూపించాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ పై వేసవిలో ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే, "ఏం బాగోట్లేదే అమ్మాయ్, లోపలంతా ఖాళీగా ఉంటోంది, భయమేస్తోంది" అంది, ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా.

"ఇంకో పదిరోజుల్లో నీళ్లొచ్చేస్తాయిగా అక్కా, అదే సర్దుకుంటుంది" అన్నాను నేను, దువ్వెన ఆపకుండానే.

నీళ్లొచ్చాయి. పసుపు పళ్లెంతో పిలవడానికి వెళ్తే అక్క గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారే చెయ్యి పట్టుకుని రేవుదాకా నడిపించారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గుప్పిట్లో పసుపు వదలకుండా అలాగే ఉండిపోతే, చివరికి నేనే ఆ వేళ్లు విప్పాను. ఆ రోజైనా మాకు తెలియాలి కదండీ! "ఈ ఏడు నీళ్లు పల్చగా వచ్చాయి, నిండు కాలువ చూస్తే అదే లేచి తిరుగుతుంది" అన్నారు అత్తగారు, మేమంతా తలలూపాం. ప్రేమకేం లోటు లేదు, రోజూ తన చేత్తో అన్నం కలిపి ముద్దలు పెట్టేవారు పాపం.

అక్క ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైనే బతికింది, పిల్లల పెళ్లిళ్లు చేసింది, మనవల్ని ఎత్తుకుంది. ఆ నవ్వు మాత్రం మేము మళ్లీ వినలేదు.

ఇప్పుడు ఆ కాలువ వెంబడి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి, రేవు మెట్ల మీద తుప్పలు మొలిచాయి, కొత్తనీటికి పసుపు పట్టుకెళ్లేవాళ్లు లేరు. ఆ రోజులు తలుచుకుంటే ఎంత హాయిగా ఉంటుందో, ఆ ఒక్క మధ్యాహ్నం గుర్తొస్తే అంత సిగ్గేస్తుంది.

ఇలా ఎప్పట్నుంచి ఉందమ్మా అని డాక్టరమ్మ ఆఖర్న అడిగింది. వేసవి కదండీ, ఎండలు తగ్గితే అదే పోతుందనబోయాను, నోటిదాకా వచ్చింది. ఆగి, "ఏం బాగోట్లేదమ్మా, లోపలంతా ఖాళీగా ఉంటోంది, భయమేస్తోంది" అన్నాను.

ఆ అమ్మాయి కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "చెప్పండమ్మా, వింటున్నాను" అంది.

ఎంత చిన్న మాటండీ అది. దువ్వెన పక్కన పెట్టి ఆ రోజు నేనూ అనగలిగిన మాటే.