సుద్దముక్క మాయం

ఇంటర్వెల్లో సంతోషకుమారి సుద్దముక్క మాయం చేస్తుందంటే తొమ్మిదో తరగతి ఆడపిల్లలంతా చుట్టూ మూగేవాళ్లు. ఓణీ చెంగు నడుముకు బిగించి, ముందు రెండు అరచేతులూ చాచేది. "చూసుకోండే, ఏమీ లేదు!" అనేది. గుప్పిట మూసి ఊదేది. ముక్క మాయం! మళ్లీ ఎవరి చెవి వెనక నుంచో తీసి చూపించేది. తెల్లారకముందే అమ్మతో వెళ్లి మిరపకాయల కొట్లో తొడిమలు తీసి, ఆ చేతులకే నూనె రాసి, బూడిదతో తోముకుని బడికొస్తుందని మాత్రం ఎవరికీ తెలియనిచ్చేది కాదు.

ఆ రోజు కొట్లో ఆలస్యమైంది. చేతులు ఉత్త నీళ్లతో కడుక్కుని పరుగెత్తుకొచ్చింది. ఇంటర్వెల్లో, ఈసారి గారడీ కొత్తగా ఉంటుందని తోటి పిల్ల ప్రమీల కళ్లు రెండు చేతులతో మూసి, "ఊఁ, ఇప్పుడు తెరువు" అంది. ప్రమీల తెరవలేకపోయింది. "అమ్మో, మంట!" అని కేకలు పెట్టింది. సుబ్బరావమ్మ టీచరు పరుగున వచ్చి ఆ కళ్లలో నీళ్లు కొట్టారు.

"మిరపకాయల ఘాటండీ," అంది ప్రమీల ఎక్కిళ్ల మధ్య. "మా కొట్లో కూలోళ్ల చేతులు ఇట్టాగే మండుతాయి."

"ఏదే, నీ చేతులు చూపించు" అన్నారు టీచరు.

రోజూ అడక్కుండానే చాచే చేతులు రెండూ ఓణీ కింద దాచుకుని, సంతోషకుమారి తల వంచుకుంది.