కరెంటుకు కట్టిన గుది

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా పని మాడ్యులేటర్ డిజైన్ చేయడం. కరెంటు రూపంలో వచ్చే సంకేతాన్ని వెలుగు మీదికి ఎక్కించే సెమీకండక్టర్ ముక్క అది, గోరంత కూడా ఉండదు. తక్కువ వోల్టేజీతో నడవాలి, ఎంత వేగంగా సంకేతాలు వచ్చినా అందుకోవాలి. ఈ రెండూ సవతులు. ఒకదాన్ని మెప్పిస్తే ఇంకోటి అలుగుతుంది.

ఆ ముక్కలో వెలుగు పోయే దారి పొడవు పెంచితే వోల్టేజీ తగ్గేది. కానీ అంత పొడవు దారిలో పైన లోహపు తీగలో పోయే సంకేతం ముందుకు ఉరికేది, కింద వెలుగు వెనకబడేది. రెండూ జతగా నడవకపోతే వేగం పోయినట్టే. ఎండాకాలం సెలవులు అయ్యేలోపు లెక్క కుదరకపోతే, చిప్పు చేయించుకోవడానికి దొరికిన ఒకే ఒక్క అవకాశం వేరేవాళ్లకు పోతుందని మా గైడ్ తేల్చి చెప్పారు. అది పోతే నా ఆరేళ్ల చదువు ఖతం. నేనేమో వెలుగునే పరిగెత్తిస్తానని మొండిపట్టు పట్టాను. పదార్థం మార్చాను, మందం మార్చాను. వెలుగు వింటేనా!

సెలవుల్లో సూర్యాపేటలో బస్సు మారి, తుంగతుర్తి దగ్గర మా ఊరికి వెళ్లాను. ల్యాప్‌టాప్ ముందు నా మొహం చూసి నాయిన ఏమైందన్నాడు. గొర్లు, గొడ్లు తప్ప ఇంకో లోకం లేని మనిషికి ఏం చెప్తాం? విసుగ్గానే చెప్పాను. రెండు కలిసి నడవాలి, ఒకటి ఉరుకుతోంది, వెనకదాన్ని ఎంత తోలినా కదలడం లేదని.

"ఎనకదాన్ని కొడ్తె ఏమొస్తది బిడ్డా? ముందల ఉరికేదానికి గుది కట్టాలె," అన్నాడు.

ఎదురుగా మా పొగరుబోతు ఆవు మెడలో గుదికట్టె వేలాడుతోంది. మందను విడిచి ఉరికితే అది కాళ్లకు తగులుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నా మీద నాకే కోపమొచ్చింది.

వెంటనే తీగకు ఒక పెద్ద లోహపు పలక తగిలించి లెక్క వేశాను. సంకేతం నెమ్మదించలేదు, పలకకు కొట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ మాట చెప్తే నాయిన నవ్వాడు. మొద్దు కడితే ఆవు నడవదట, కూలబడుతుందట. ఉరుకు తగ్గాలి గానీ నడక ఆగొద్దట. సరే, చిన్న చిన్న పలకలు, దారి పొడవునా. వారం రోజులు వాటి సైజు, ఎడం మారుస్తూ కూర్చున్నాను. సెలవుల చివరి శనివారం రెండు వేగాలూ కలిశాయి.

అవకాశం మాకే దక్కింది. చిప్పు వచ్చాక కొలిస్తే తక్కువ వోల్టేజీకే నడిచింది, వేగమూ నిలిచింది. నాయినకు ఫోన్ చేసి గుది పనిచేసిందన్నాను. ఎంత సంబరపడ్డాడో!

"మీ సారు అడిగితె ఎవలు సెప్పిన్రని సెప్పినవ్?" అన్నాడు.

ఎలా తట్టిందని సారు అడిగినప్పుడు, ఏదో ఆలోచిస్తుంటే తట్టిందన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్లి, ఆ ఆలోచన మా నాయినదని, ఆయన గొడ్లు కాస్తాడని చెప్పాను.