కాక చూసిన బండి

మా కాక పోయిన సంగతి నాకు షోరూంలో ఉండగా తెలిసింది. కారు కొనడానికి వచ్చిన ఒక జంటకు వెనక సీట్లు ఎలా వాలతాయో చూపిస్తున్నాను. చిన్నమ్మ ఫోన్ చేసింది. పొద్దున చాయ్ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నాడట, గ్లాసు కింద పెట్టి అట్లాగే పక్కకు ఒరిగాడట. "మీ కాక లేడు బిడ్డా, జల్ది రా" అంది. ఫోన్ పెట్టేశాక ఆ జంట ఇంకేదో అడిగారు. దానికీ నవ్వుతూ జవాబు చెప్పి, అప్పుడు బయలుదేరాను. ఆ రెండు నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అంతకంటే అసహ్యమైనది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా ఆయన గురించి మంచి మాటలు రాసే హక్కు నాకు లేదు.

ఆయన మా నాన్నకు తమ్ముడు. మా వైపు చిన్నాయనను కాక అంటాం, గుజరాతీలోనూ అదే మాట. అందుకని సూరత్ పాండేసరలో ఆయన గ్యారేజీకి వచ్చేవాళ్లందరికీ, మిల్లు యజమానులకూ వాళ్ల డ్రైవర్లకూ కూడా, ఆయన కాకాయే. అసలు పేరు చాలామందికి తెలియదు.

నాన్నా ఆయనా కలిసే సూరత్ వచ్చి మరమగ్గాల మీద పనిచేశారు. ఆ మోతకు కాకకు ముప్పై దాటకముందే ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి ఆ కుడి చెవిని వాళ్ల ముందు పెట్టేవాడు, ఎంతో మర్యాదగా, దోసిలి పట్టినట్టు. మగ్గం మానేసి బండ్ల పనిలో చేరినప్పుడు అందరూ నవ్వారట, చెవిటివాడు ఇంజన్ మోత ఎట్లా పసిగడతాడని. ఆయన చెవులతో పసిగట్టలేదు. చెప్పులు విప్పి వట్టి కాళ్లతో నడిపేవాడు. గేరు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు అరికాలికి తెలిసిపోయేది.

క్లచ్ లేని బండ్లు, తమంతట తామే గేర్లు మార్చుకునే పెద్ద పెద్ద విదేశీ కార్లు, అవే ఆయన పని. సూరత్‌లో అట్లాంటి కార్లకు కొదవ లేదు. డబ్బున్నవాళ్లు కొత్తది కొంటారు, మూడు నాలుగేళ్లు తిరిగి మోజు తీరాక అమ్మేస్తారు. దాన్ని కొనేవాడు వేరే రకం మనిషి. జీవితమంతా ఆ కారును రోడ్డు మీద చూసి ఆశపడ్డవాడు. కాక అనేవాడు: "కొత్తది కొన్నోడు మురిపానికి కొంటడు. పాతది కొన్నోడు నమ్మి కొంటడు. మనం చూసేది ఆ రెండోనికోసం."

నాకు ఆ షోరూంలో ఉద్యోగం వచ్చింది ఆయన వల్లే. వాడిన ఖరీదైన కార్లు అమ్మే చోటు అది. దాని యజమాని సేఠ్ తన దగ్గరికి వచ్చిన ప్రతి బండినీ కాకకు చూపించేవాడు. నేను చేరిన మొదటి నెలలోనే కాక నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. ముందు గేర్‌బాక్స్ నూనె ఒక చుక్క తెల్లగుడ్డ పీలిక మీద వేసి చూపించాడు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల నుంచి తెచ్చిన చిందీలు, కత్తిరింపు ముక్కలు, ఆయన దగ్గర సంచుల కొద్దీ ఉండేవి. ఎర్రగా ఉంటే ఫరవాలేదు. నల్లబడి, మాడిన వాసన వేస్తే లోపల పలకలు అరిగిపోతున్నాయన్నమాట. ఆ తర్వాత ముప్పావు గంట నడిపాడు, ఏసీ లేకుండా, ఎర్రటి ఎండలో. ఎందుకింత సేపని అడిగితే, "చల్లగున్నప్పుడు అన్ని బండ్లూ మంచియే బిడ్డా. ఉడుకెక్కినంక చూడాలె" అన్నాడు.

రెండేళ్ల కిందట ఒక తెల్ల కారు వచ్చింది. లోపల తోలు సీట్ల వాసన ఇంకా పోలేదు. కాక దాన్ని నడిపి వచ్చి, సేఠ్ ముందు నిలబడి హిందీలో చెప్పాడు. వేడెక్కాక రెండో గేరు నుంచి మూడుకు పోయేటప్పుడు పట్టు జారుతోంది, ఇంజన్ మోత ఊరికే పైకి లేస్తోంది, గేర్‌బాక్స్ విప్పి బాగుచేయకుండా దీన్ని అమ్మకండి, ఒక రోజు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది అని. సేఠ్ సరేనన్నాడు. మర్నాడు వేరే మనిషిని పిలిపించి కొత్త నూనె పోయించాడు. కంప్యూటర్ తగిలించి అందులో నమోదైన లోపాలన్నీ చెరిపించాడు. అట్లా చేస్తే బండి కొన్నాళ్లు వెన్నలా నడుస్తుంది. ఆ కొన్నాళ్లే అమ్మేవాడికి కావలసింది.

దాన్ని కొనడానికి వచ్చినాయన హజీరాలో ఒక పెద్ద కంపెనీలో మేనేజరు. కోస్తావైపు మనిషి. భార్యను కూడా తీసుకొచ్చాడు. పరాయి ఊళ్లో తెలుగు మాట్లాడే అమ్మాయి కనబడిందని ఆవిడ ఎంత సంబరపడిందో. బండి అంతా చూసి ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "మా వాళ్లంతా పాత ఆటోమేటిక్ బండి వద్దంటున్నారమ్మా. గేర్‌బాక్స్ పోతే కారే పోయినట్టట. నువ్వు మన తెలుగుపిల్లవి, నిజం చెప్పు. కొనొచ్చా?"

సేఠ్ తన బల్ల దగ్గర నుంచి చూస్తున్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు, ఏమీ చెప్పమని కూడా చెప్పలేదు. బెదిరించి ఉంటే ఇవాళ నాకు ఒక సాకైనా మిగిలేది.

"మా కాక చూశారండీ" అన్నాను.

అంతే అన్నాను. అది అబద్ధం కాదు. కాక పేరు ఆయన అప్పటికే విని ఉన్నాడు. ఆ మాటతో ముఖం తేటపడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇంటికి భోజనానికి రమ్మని మరీ మరీ చెప్పింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వాళ్లు రింగ్ రోడ్‌లో చీరలు కొనుక్కుని హజీరా తిరిగి వెళుతున్నారు. వంతెన ఎక్కేచోట బండి ఉన్నట్టుండి నిలిచిపోయింది. ఇంజన్ అరుస్తోంది కానీ చక్రాలకు బలం అందడం లేదు. వెనక వస్తున్న లారీ ఆగలేకపోయింది. ఆవిడ వెనక సీట్లో కూర్చుని ఉంది. తుంటి ఎముక విరిగింది.

కాక ఆసుపత్రికి వస్తానంటే నేనే వెంట తీసుకెళ్లాను. ఆపరేషన్ గది బయట ఆ మేనేజరు నా పక్కన కాకను చూడగానే ఎవరో పోల్చుకుని లేచి వచ్చి అడిగాడు: "మీరు చూశారని మీ అమ్మాయి చెబితేనే కొన్నానండీ. చూశారా, లేదా?"

కాక నా వైపు తిరగలేదు. నేను ఆయన పక్కనే, ఆ కుడి చెవి వైపే నిలబడి ఉన్నాను.

"చూసిన సార్. తప్పు నాదే" అన్నాడు.

కాక వద్దన్నాడని, నేను దాచానని చెప్పడానికి నాకు ఒక్క ఊపిరి చాలు. చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, అమ్మకేం చెప్పాలి అని లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. ఇంతలో ఆయనను లోపలికి పిలిచారు. అవకాశం దాటిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ప్రతి రోజూ అవకాశమే అని తెలిసి కూడా.

మిగతాది సేఠ్ పూర్తి చేశాడు. కాకాయే ఒప్పుకున్నాడు, చెవులతో పాటు చేతులు కూడా మందగించాయి పాపం అని ఊరంతా చెప్పాడు. ముప్పై ఏళ్లుగా కాక వద్దన్నందుకు అమ్ముడుపోని బండ్లు ఎన్నో, వాటిని అమ్ముకోవాలనుకున్నవాళ్లంతా ఆ మాటను సంతోషంగా అందుకున్నారు. ఒక్కొక్క షోరూమే పిలవడం మానేసింది. ఏడాది తిరగకముందే కాక గ్యారేజీ తాళాలు స్థలం యజమానికి ఇచ్చేసి, లింబాయత్‌లో తన రెండు గదుల ఇంట్లో కూర్చున్నాడు. పని లేక అరికాళ్లు మెత్తబడ్డాయని చిన్నమ్మతో నవ్వుతూ అనేవాడట. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు చిన్నమ్మ నవ్వేది కాదు.

ఒక ఆదివారం ధైర్యం తెచ్చుకుని వెళ్లాను. ఆయన గడప దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆ రోజు నేను ఏమన్నానో, ఎందుకన్నానో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన తల తిప్పలేదు. నా వైపు ఎడమ చెవే ఉంది. నేను గొంతు పెంచాను. అప్పుడు చేతిలో పని ఆపకుండా అన్నాడు: "చూసిండని చెప్పినవు. చూసిన మాట నిజమే గద. గంతే వదిలెయ్. నౌకరీ మంచిగున్నదా?"

మంచిగున్నదని చెప్పాను. ఆయన నన్ను క్షమించాడని, ఈమధ్య నేను అంతా చెప్పాక మా అమ్మ అంటుంది. నాకు అట్లా అనిపించలేదు. ఆ రోజు ఆయన నన్ను ఒక్కసారి కూడా బిడ్డా అనలేదు.

శవం లేపే ముందు సేఠ్ వచ్చాడు. మనిషెత్తు పూలదండ తెచ్చాడు. ఇంత నిజాయితీపరుడు ఈ రోజుల్లో దొరకడని గుజరాతీలో అందరికీ వినబడేట్టు అన్నాడు. నేను లోపలికి వెళ్లి ఆయనకు కుర్చీ తెచ్చి వేశాను. అలవాటైన చేతులు, వాటంతట అవే తెచ్చాయి. చిన్నమ్మ అది చూసింది.

దినాలు అయ్యాక హజీరా బస్సెక్కాను. కంపెనీ క్వార్టర్లలో వాళ్ల ఇల్లు వెతుక్కుని వెళ్లి, వరండాలోనే నిలబడి మొత్తం చెప్పాను. కాక అమ్మవద్దని ముందే చెప్పాడని, అది తెలిసే నేను ఆ మాట అన్నానని. ఆ మేనేజరు చివరిదాకా విన్నాడు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను.

"ఆయన బతికుండగా ఒక్కసారి చెప్పలేకపోయావా అమ్మా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

ఆవిడ చేతికర్ర ఊతంతో బయటికి వచ్చింది. ఆపరేషన్ అయినా ఒక కాలు కురచైపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. తర్వాత, కాక తమ ఇంటికి కూడా వచ్చాడని చెప్పింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. కాలు ఎట్లా ఉందో అడిగి పోదామని. నాకు ఆ సంగతి తెలియదు, చిన్నమ్మకూ తెలియదు.

"మా ఆయన లోపలికి రానివ్వలేదు. మూడోసారి వాన పడుతోంది. గొడుగు కూడా లేదు. నేను కిటికీలోంచి చూశాను" అంది. కర్రను రెండో చేతికి మార్చుకుని, "మంచినీళ్లయినా ఇవ్వలేదమ్మా" అంది.

ఇది అచ్చులో చూశాక సేఠ్ నన్ను ఉంచుకోడు. ఉంచుకోకపోతే ఏం, దానివల్ల కాకకు ఏమీ తిరిగి రాదు. ఆ సాయంత్రం ఆవిడకు నమస్కారం పెట్టి మెట్లు దిగాను. వెనక కర్ర చప్పుడు వినబడుతూనే ఉంది, గేటు దాకా వచ్చింది. ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడి తిరిగి చూశాను. షిఫ్టు బస్సులు ఒకటి వెనక ఒకటి వెళుతున్నాయి. వాటి సందుల్లోంచి ఆవిడ కనబడుతోంది. బరువంతా బాగున్న కాలి మీద వేసి, గేటు రెక్క బార్లా తెరిచి పట్టుకుని, నేను బయటికి వచ్చేశాక కూడా ఇంకెవరో లోపలికి రావలసి ఉన్నట్టు, దారి వైపు చూస్తూ నిలబడి ఉంది.